రసీదు పుస్తకం కనబడగానే ఏం చెయ్యాలి?

లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున కంబళిలోంచి కాలు బయటపెట్టడమే పెద్ద పని. వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు మాది. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు పొద్దుటికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని దీనికి కొర్రబయలు అని కూడా పేరు. ఇలాంటి చోట 34 ఏళ్లు సర్కారు కొలువు చేసి, ఒక్క ధర్నాలో కూర్చోకుండా, ఒక్క రూపాయి సంఘం చందా కట్టకుండా, ఒక్క ఇంక్రిమెంటు వదులుకోకుండా రిటైరైన మనిషిని నేను. ఈ విద్య నాతోనే పోకూడదు. గ్రామ సచివాలయంలో చేరినవాళ్లు, ఆశ్రమ పాఠశాలకు వచ్చినవాళ్లు, ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద కుదిరినవాళ్లు, కొత్తగా కొండెక్కిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ జెండాలు పట్టుకుని చలిలో నడుస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది. మీ మేలు కోరి రాస్తున్నాను. వరసగా చదవండి, వరసగా పాటించండి.

1. రసీదు పుస్తకం కనబడగానే చెయ్యి జేబులోకి కాదు, నుదుటి మీదికి పోవాలి. ఒంట్లో నలతగా ఉందనండి. జనవరిలో పండగ ఖర్చు, జూన్‌లో పిల్లల ఫీజులు, శ్రావణంలో పెళ్లిళ్లు, ఆ తర్వాత దసరా. ఏడాది నిండిపోతుంది. "కట్టను" అని మాత్రం ఎప్పుడూ అనకండి. కట్టనన్నవాడితో మండల కార్యదర్శి వాదనకు కూర్చుంటాడు, మీకు గంట దండగ. "వచ్చే నెల తప్పకుండా అన్నా" అంటే టీ చెప్తాడు. టీ తాగండి. ఆ ఒక్క మాటను 34 ఏళ్లు అరగకుండా వాడాను.

మీ ఒక్కరి చందా ఆగితే ప్రయోజనం సగమే. పక్క కుర్చీ వాడికీ నేర్పండి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం నుంచీ కనీస లెక్క ఒకటే: ఏడుగురైనా లేనిదే సంఘం రిజిస్టరు కాదు. కాబట్టి మీ చుట్టుపక్కల డ్రైవర్లు, ఆయాలు, వాచ్‌మన్లు ఒక దగ్గర కూర్చుంటే తలకాయలు లెక్కపెట్టండి. ఆరు దాటుతున్నాయంటే ఒకణ్ణి పనుందని పిలవండి.

2. సమ్మె చేసినవాడికీ చెయ్యనివాడికీ ఒకే జీతం పెరుగుతుంది. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే జన్మ ధన్యం.

2022 జనవరి 17న పీఆర్సీ, అంటే వేతన సవరణ, జీవోలు వచ్చాయి గుర్తుందా? అప్పటిదాకా 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నాం. ఫిట్‌మెంట్ 23 శాతం అన్నారు. మనలాంటి చిన్న ఊళ్ల ఇంటి అద్దె భత్యం 12 నుంచి 8 శాతానికి దించారు. ఎక్కువ ఇచ్చిన భృతిని వెనక్కి రాబడతామన్నారు. జీతం చీటీ చూసి నా గుండె కూడా గుభేలుమంది, అబద్ధం ఎందుకు. ఉద్యోగ సంఘాలన్నీ కలిసి పీఆర్సీ సాధన సమితి కట్టి, ఫిబ్రవరి 3న చలో విజయవాడ అన్నాయి. దారుల్లో తనిఖీలు, ఇళ్ల ముందు పోలీసులు. అయినా ఎక్కడెక్కడి నుంచో జనం చేరుకుని బీఆర్‌టీఎస్ రోడ్డు నింపేశారు. మా ఆఫీసు నుంచి ముగ్గురు వెళ్లారు. ఇద్దరు రాత్రంతా ప్రయాణం చేశారు, ఒకాయన్ని దారిలోనే దించేశారు. నేను ఆ రోజు కంబళి కప్పుకుని, చోడి అంబలి తాగుతూ, టీవీలో చూశాను. నిండుగా కనబడింది రోడ్డు. నేను వెళ్లినా ఇంకో తలకాయ అదనం, అంతే కదా అనుకుని ఇంకో గ్లాసు పోయించుకున్నాను.

5వ తేదీ రాత్రికి ఒప్పందం కుదిరింది. 7 నుంచి జరగాల్సిన సమ్మె ఆగింది. భృతి రికవరీ మానేశారు. మన శ్లాబు అద్దె భత్యం 8 నుంచి 10 శాతానికి ఎక్కింది. ఉపాధ్యాయ సంఘాలు ఇది చాలదన్నాయి, నిజమే, 23 శాతం 23గానే ఉండిపోయింది. కానీ నేను చెప్పేది వేరు. దారిలో దించేసిన ఆయనకీ 10 శాతమే, అంబలి తాగిన నాకూ 10 శాతమే. జీతాల కంప్యూటరుకు ఫిబ్రవరి 3న మీరెక్కడ ఉన్నారో తెలియదు. అది తెలుసుకునే యంత్రం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

"అందరూ నీలాగే పడుకుంటే ఎలా?" అని ఆయన తిరిగొచ్చాక అడిగాడు. ఇలాంటి ప్రశ్నకు జవాబు వెతకకండి. వెతికితే నిద్ర పాడవుతుంది.

3. సాకులు కొండ మీద పుష్కలంగా దొరుకుతాయి, వాడుకోండి. మైదానం ఉద్యోగికి ఇన్ని లేవు పాపం. ఘాట్‌లో మంచు, వానాకాలంలో కొండచరియ, గెడ్డ పొంగడం, బస్సు రాకపోవడం. అన్నిటికంటే గొప్పది సిగ్నల్. ముఖం చూపించి హాజరు వేసుకునే యాప్ వచ్చినప్పుడు యూనియన్ వాళ్లు పోరాటానికి దిగారు. సిగ్నల్ లేని చోట యాప్ పెట్టి జీతం కొయ్యొద్దు, పరికరం ఇవ్వండి, టవరు వెయ్యండి అన్నారు. అంత దూరం ఎందుకు? సిగ్నల్ దొరికిన రోజు కూడా దొరకలేదనండి. టవరు వచ్చిందంటే మనకే నష్టం. ఊరివాళ్లు 108కి ఫోన్ చెయ్యడానికి చెట్టెక్కే పని తప్పుతుంది, నిజమే, కానీ మీ సాకు పోతుంది. దేనికి విలువ ఎక్కువో మీరే తేల్చుకోండి.

4. జీతం వేరు, గౌరవ వేతనం వేరు. గౌరవ వేతనం వాళ్లతో కలిసి కూర్చోకండి.

అంగన్‌వాడీ టీచరమ్మల సంగతి చెప్తాను, ఇందులో మీకు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతటా సమ్మెకు దిగారు. టీచరుకు నెలకి 11,500, ఆయాకి 7,000. కనీస వేతనం 26,000 కావాలన్నారు, తెలంగాణ కంటే ఎక్కువిస్తామన్న మాట నిలబెట్టుకోమన్నారు, గ్రాట్యుటీ అడిగారు. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ మూడు జెండాలూ ఒకే టెంటు కింద. డిసెంబరు అంటే మా దగ్గర పచ్చిక మీద మంచు గడ్డకట్టే నెల. చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని మండల కేంద్రంలో కూర్చున్నారు. వంటావార్పు చేశారు, కోటి సంతకాలు పట్టారు. 2024 జనవరి 6న అత్యవసర సేవల చట్టం ఎస్మా పెట్టారు, సమ్మె చట్టవిరుద్ధం అన్నారు. లేవలేదు. జనవరి 22 రాత్రి చర్చల్లో, జూలైలో వేతనం పెంచుతామన్న మాటతో సహా హామీలు వచ్చాక లేచారు. మొత్తం 42 రోజులు.

ఆ 42 రోజులు మీలాంటి సచివాలయం తమ్ముళ్లకు మంచి అవకాశం. కేంద్రాల తాళాలు పగలగొట్టి తెరవమని అప్పట్లో సచివాలయం సిబ్బందినే పంపారు. మళ్లీ ఎప్పుడైనా పంపితే ఆలస్యం చెయ్యకండి. సుత్తి ఇంటి నుంచే పట్టుకెళ్లండి. తలుపు తెరిచి, నలుగురు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. తర్వాత వచ్చేయండి. ఏ పిల్లకి బరువు తగ్గుతోందో, ఏ గర్భిణికి రక్తం తక్కువో, ఏ తల్లి కొండ దిగి రావడానికి మొహమాటపడుతుందో, ఎవరింటికి ఏ పొలం గట్టు మీదుగా వెళ్తే గుడ్డు పగలకుండా చేరుతుందో మీకు తెలియదు. తెలుసుకోకండి. ఫోటోలో బరువు కనబడదు.

ఒక టీచరమ్మ నన్ను ఆపి అడిగింది. "అన్నయ్యా, 2019లో మీ పిల్లలంతా సచివాలయాల్లో 15,000కే చేరారు కదా. ప్రొబేషన్ రెండేళ్లన్నారు, 2022 జూన్ దాకా లాగారు. అప్పుడు వాళ్లు పడ్డ బాధే కదా ఇది?" అని. ఇలా పోలిక తెచ్చేవాళ్లతో జాగ్రత్తగా ఉండాలి. "ఆ సంగతి వేరమ్మా" అని చెప్పి బండి స్టార్ట్ చెయ్యండి. ఎందుకు వేరో అడిగేలోపు మలుపు తిరగాలి. ఇంకో మాట. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గుజరాత్ అంగన్‌వాడీలు తెచ్చుకున్న తీర్పు. ఆ కాగితం మీ టేబుల్ మీదికి వస్తే పాత ఫైళ్ల అడుగున పెట్టండి. చదువుకున్న ఆయా కంటే చదవని ఆయా మనకు నెమ్మది.

5. మనుషుల్ని తారీఖుల్ని బట్టి విడదీయండి. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవాడికి పాత పెన్షన్, ఆ రోజు నుంచి చేరినవాడికి జీతంలోంచి వాటా కట్టే సీపీఎస్. ఈ గీత గీసిపెట్టింది మనం కాదు, కానీ దాన్ని కాపాడాల్సింది మనమే. పాతవాళ్లతో "మనకు వచ్చేది మనకు వస్తుంది, ఆ కుర్రాళ్ల గొడవ మనకెందుకు?" అనండి. కుర్రాళ్లతో "ముసలాళ్లు మీ సంగతి పట్టించుకోరు" అనండి. రెండూ నిజమైపోతాయి. ఆ తర్వాత రెగ్యులరు, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్, గౌరవ వేతనం అని నాలుగు వరసలు. టీ నాలుగు చోట్ల తాగాలి. మా ఆఫీసులో ఒకే కొట్టుకి వెళ్తున్నారని గమనించి, రెండో కొట్టులో టీ బావుంటుందని పుకారు నేనే పుట్టించాను.

కొండకి, మైదానానికి మధ్య గీత ఇంకా పదునైనది. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 ప్రకారం ఏజెన్సీ ప్రాంతంలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. గిరిజన సంఘాలు ఆ హక్కు మళ్లీ తెమ్మని బందులు పిలిచాయి. ఆ రోజుల్లో నేనేం చేశానో చూడండి. మైదానం నుంచి వచ్చిన మాస్టార్లతో "ఇది మీ సమస్య కాదు, తలదూర్చకండి" అన్నాను. బీఈడీ చేసి ఎదురుచూస్తున్న కొండ పిల్లలతో "టీచర్ల సంఘాలు మైదానం వాళ్లవి, మీవి కావు" అన్నాను. రెండూ ఒకే మధ్యాహ్నం, రెండు టీ కొట్లలో. ఇంట్లో కువి భాష మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు పాఠం అర్థంకాక కిటికీలోంచి కొండ చూస్తూ కూర్చుంటుంది. కూర్చోనివ్వండి. ప్రశ్నలు అడగని పిల్లలున్న తరగతి ఎంత ప్రశాంతంగా ఉంటుందో చెప్పలేను.

6. పని పాడుచెయ్యండి. ఇది అన్నిటికంటే ముఖ్యం, కొంచెం నిదానంగా చదవండి.

యూనియన్ల బలం జెండాలో ఉందనుకుంటారు చాలామంది. కాదు. దాని బలం జనం దగ్గర ఉంది. మా దగ్గర ఒక నర్సమ్మ ఉండేది. కొండమీది గూడేలకు వారం వారం నడిచి వెళ్లేది. నెలలు నిండినవాళ్లను డోలీలో మోయాల్సిన అవసరం రాకుండా పది రోజుల ముందే కిందికి దించి ఆసుపత్రిలో ఉంచేది. ఆవిడ సమ్మెలో కూర్చున్న రోజు ఏం జరిగిందనుకున్నారు? నాలుగు గూడేల ఆడవాళ్లు కట్టెలు, సామ బియ్యం, చిక్కుడు కాయలు మోసుకుని టెంటు దగ్గరికి వచ్చారు. "మా అమ్మకి జీతం పెంచండి" అని వాళ్లే అరిచారు. ఏ నాయకుడూ నేర్పలేదు. ఆఫీసరు కారు దిగి వాళ్లతో మాట్లాడాల్సి వచ్చింది. అది చూసి నాకు చెమట పట్టింది, డిసెంబరులో.

కాబట్టి ఆ దారి మొదట్లోనే మూసెయ్యాలి. ఆఫీసు పది గంటలకైతే పదకొండుకు వెళ్లండి. చలికాలంలో పన్నెండు. దరఖాస్తు తెచ్చిన మనిషిని మూడుసార్లు తిప్పండి: ఒకసారి ఆధార్ జిరాక్సు మరకగా ఉందని, ఒకసారి సంతకం చెయ్యాల్సినవారు పాడేరు వెళ్లారని, ఒకసారి సర్వర్ పనిచెయ్యడం లేదని. పింఛను కాగితం కోసం ఒక ముసలమ్మ పై గూడెం నుంచి తెల్లవారుజామున బయల్దేరి, చద్దిమూట విప్పుకుని మా వరండాలో కూర్చునేది. నాలుగోసారి వచ్చినప్పుడు కాగితం ఇచ్చాను. "ఇంతకంటే ఏ షావుకారు కొట్టో నయం" అని పోతూ పోతూ అంది. ఆ మాట వినడానికే 34 ఏళ్లు కష్టపడ్డాను. ఆవిడ మన సమ్మె టెంటు దగ్గరికి కట్టెలు తేదు. ఈ ఆఫీసు మూసేసి అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీకి ఇస్తామంటే వద్దనదు. ఆవిడ వద్దనకపోతే ఇంక ఎవరూ వద్దనరు.

చలికాలం రద్దీలో మీకింకో పని ఉంటుంది. మా పక్క చెరువులవేనం కొండ మీది మబ్బులు చూడ్డానికి జనం కార్లేసుకుని తెల్లారకముందే దిగుతారు. బామ్మర్ది పేరు మీద నాలుగు టెంట్లు వెయ్యండి. ఆఫీసు వేళల్లో వాటి లెక్క చూసుకోవచ్చు. ఎవరైనా ఎక్కడున్నారని ఫోన్ చేస్తే ఫీల్డులో అనండి. టెంట్లు వేసింది పొలంలోనే కదా.

7. చరిత్ర జోలికి పోకండి. ముఖ్యంగా మీరు రోజూ ఎక్కి దిగే రోడ్డు చరిత్ర.

నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా ఈ ఘాట్ రోడ్డు వేసింది ఈ కొండల మనుషులే. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ వాళ్లచేత వెట్టి చేయించాడు. కూలి చాలీచాలకుండా ఇచ్చాడు. అడిగినవాళ్లను కొట్టించాడు. అల్లూరి సీతారామరాజు పైవాళ్లకు ఫిర్యాదు చేశాడు. ఫిర్యాదు ఫిర్యాదుగానే ఉండిపోయింది. గాం గంటందొర, మల్లుదొర, ఇంకా ఎందరో ఆయన వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. తుపాకులు పట్టుకెళ్లి, ఎన్ని పట్టుకెళ్లారో లెక్కరాసి సంతకం పెట్టి మరీ వెళ్లారు.

ఇందులో తిరుగుబాటు, విల్లు, దేశభక్తి ఉన్నంతవరకు పర్వాలేదు, చెప్పుకోండి. కూలి సంగతి మాత్రం ఎత్తకండి. జులై 4న జయంతికి విగ్రహం దగ్గరికి ముందే వెళ్లండి. దండ వెయ్యండి, ఫోటోలో మధ్యలో నిలబడండి, పులిహోర తినండి. ఈ రోడ్డు మీద గుంతలు పూడ్చే కుర్రాడికి రోజుకి ఎంత వస్తోందని ఆ వేదిక మీద ఎవరైనా మొదలుపెడితే మైకు వైరు లాగెయ్యండి. ప్రభుత్వ పనికి సరైన కూలి అడగడం అనే అలవాటు ఈ నేలలో వందేళ్లుగా ఉంది. ఎండిన విత్తనం లాంటిది. తడి తగలకూడదు.

8. భయపెట్టడానికి తెలంగాణ ఆర్టీసీ కథ చెప్పండి. 2019 అక్టోబరు 5న మొదలై నవంబరు 25 దాకా, 52 రోజులు. 48 వేల మందికి పైగా ఉద్యోగాలు పోయినట్టేనని సాక్షాత్తూ ముఖ్యమంత్రి ప్రకటించారు. జీతాల్లేవు. ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ప్రభుత్వంలో విలీనం చెయ్యమన్న కోరిక తీరకుండానే సమ్మె ఆగింది. "చూశారా, ఏం మిగిలింది?" అని అడిగి ఊరుకోండి. 2020 జనవరి 1న మన ఆంధ్రాలో ఆర్టీసీ ఉద్యోగులు అదే విలీనం అందుకున్నారన్న సంగతి ఆ నోటితో అనకండి. తెలంగాణలో కూడా ఆ తర్వాత ప్రభుత్వం విలీనానికి ఒప్పుకుని 2023లో చట్టం చేసిందని అసలు అనకండి. కథ ఎక్కడ ఆపాలో తెలిసినవాడే మంచి సలహాదారు.

9. నాయకుడు అమ్ముడుపోయాడనండి. ఎవరికి, ఎంతకి అని అడిగితే "నాకు తెలుసు, చెప్పకూడదు" అనండి. ఒప్పందం కుదిరితే అమ్ముడుపోయాడు, కుదరకపోతే చేతకానివాడు. మా మండల కార్యదర్శిగా ఉన్నాయన చలిలో బండి మీద గూడెం గూడెం తిరిగి ఆస్తమా తెచ్చుకున్నాడు. ఆయనకి నర్సీపట్నంలో ప్లాటుందని చెప్పాను. లేదు. కానీ ఆ ఏడాది సభ్యత్వం సగమైంది.

10. ఇవన్నీ ఓపికగా పాటిస్తే ఫలితం ఎలా ఉంటుందో నా ఇంట్లోనే చూడొచ్చు.

2024లో నేను రిటైరయ్యాను. నాతోపాటు నా పోస్టు కూడా రిటైరైంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ నింపలేదు. కొన్నాళ్లకి అదే గదిలో, అదే టేబుల్ దగ్గర, ఒక ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టారు. ఆ మనిషి మా అబ్బాయే. చేరడానికి ఏజెన్సీ వాడికి కొంత ముట్టజెప్పాం. పదకొండు నెలల కాగితం. పీఆర్సీ లేదు, పీఎఫ్ కట్టారో లేదో చీటీ లేదు, సెలవు పెడితే ఆ రోజు కూలి లేదు. చందా కూడా లేదు! వాడికి నా అంత శ్రమ లేదు, ఏ సాకూ వెతుక్కోనక్కర్లేదు. రసీదు పుస్తకం పట్టుకుని వచ్చేవాడే ఇప్పుడు మండలంలో లేడు.

మొన్న సంక్రాంతికి మూడు నెలల జీతం రాలేదు. కోడలికి ఏడో నెల. నర్సమ్మ బదిలీ అయి వెళ్లాక ఆ పోస్టూ ఖాళీయే. సూది మందుకు చింతపల్లి తీసుకెళ్లి తెస్తున్నాడు వీడు. నా పెన్షన్‌లోంచే పెట్రోలు. పాత పెన్షన్ నాది, ఎవరెవరో ఎప్పుడెప్పుడో నడిచి తెచ్చింది, ఇప్పటికీ మూడు కడుపులు నింపుతోంది. ఒక రాత్రి చలిమంట దగ్గర కూర్చుని అడిగాడు.

"నాన్నా, జీతం గురించి ఎవర్ని అడగాలి?"

ఆలోచించాను. ఏజెన్సీ ఆఫీసు ఎక్కడో విజయవాడలో. మన ఆఫీసరుని అడిగితే నువ్వు మా ఉద్యోగివి కావంటాడు. కార్యదర్శి ఆస్తమాతో కిందికి వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలోకి ఎవరూ రాలేదు. ఊరివాళ్లని తోడు తీసుకెళ్దామంటే, ఆ వరండాలో చద్దిమూటతో కూర్చున్న మొహాలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

"ఎవర్నీ అడగక్కర్లేదురా. పడుకో" అన్నాను.

వాడు చాలాసేపు పడుకోలేదు. కుర్రతనం. నాలుగేళ్లు పోతే అలవాటవుతుంది. మీకూ అలవాటవుతుంది.

11. వెళ్లేముందు కార్యదర్శి ఒక రసీదు పుస్తకం నా దగ్గర వదిలి వెళ్లాడు, ఎవరైనా తీసుకుంటే ఇవ్వమని. సగం రసీదులు ఖాళీ. ఎవరూ రాలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. మీ బీరువాలో కూడా ఇలాంటిది ఉంటే చిమ్మెట పట్టనివ్వకండి. చలిమంటకి పుల్లలు తడిగా ఉన్న రోజున ఒక్కో కాగితం చింపి అడుగున పెట్టండి. బాగా ఎండిన కాగితం, ఇట్టే అంటుకుంటుంది. మూడు నిమిషాలు కాళ్లకి వెచ్చగా ఉంటుంది.